రాముడు బొమ్మలో ఉన్నాడా, ఆటలో ఉన్నాడా?

ఒడిశాలోని గజపతి, గంజాం, రాయగడ, కోరాపుట్ జిల్లాల కళాశాలల్లో సిలబస్ రాసే బోర్డ్ ఆఫ్ స్టడీస్ సభ్యులైన అధ్యాపకులకు నమస్కారాలు.

మీడియా పేపర్ల ముసాయిదా రాసేటప్పుడు సినిమాకు ఒక యూనిట్, ప్రకటనలకు ఒకటి, సోషల్ మీడియాకు ఒకటి పడుతున్నాయి. వీడియోగేమ్ మాట వస్తే మాత్రం దాన్ని కంప్యూటర్ సైన్స్ వాళ్ల వైపు తోసేస్తారు, లేదంటే సైకాలజీలో వ్యసనాల కింద సర్దేస్తారు. మొదటిచోట ఆట అంటే కోడ్, రెండోచోట రోగం. పిల్లలు రోజూ చూస్తున్న, ఆడుతున్న, మాట్లాడుకుంటున్న మాధ్యమాన్ని మాధ్యమంగా చదివే చోటు ఎక్కడా లేదు. వీడియోగేమ్‌ను, దానికి సినిమాతోనూ బొమ్మలాటతోనూ పేకముక్కతోనూ ఉన్న చుట్టరికాన్ని చదివించే మూడు క్రెడిట్ల పేపర్ ఒకటి పెట్టమని ఈ ఉత్తరం. పెట్టమని ఊరికే అడగడం తేలిక కాబట్టి ఎలా నడపాలో, ఎక్కడ చెడుతుందో కూడా రాస్తున్నాం.

పాఠం మన దగ్గర దొరికే వస్తువుతోనే మొదలవ్వాలి. గంజాపా అంటే ఒడిశాలో ఆడే గుండ్రటి పేకముక్కలు. వాటిని తయారుచేసే చోట్ల పేర్లు చెప్పేటప్పుడు పూరీ, సోన్‌పూర్‌లతో పాటు పర్లాకిమిడి, బరంపురం కూడా వస్తాయి. గుడ్డ పొరలను చింతగింజల జిగురుతో అతికించి, సుద్ద పట్టించి, ఎండాక గుండ్రంగా కోసి, బొమ్మ వేసి, లక్కపూత పూస్తారు. ఆఠరంగి జతలో 8 రంగులు. ఒక్కో రంగులో 12 ముక్కలు: రాజు, మంత్రి, ఒకటి నుంచి పది దాకా అంకెలు. మొత్తం 96. దశావతారాల జత అయితే 10 రంగులు, 120 ముక్కలు. రామాయణం బొమ్మల జత కూడా ఉంది. అందులో సగం రంగులు రాముడి పక్షం, సగం రావణుడి పక్షం.

ఇప్పుడు ఆ రామాయణం జతతో ఆడి చూడండి. తురుఫు లేదు. దిగిన రంగులో పెద్ద ముక్క ఎవరిదైతే పట్టు వాళ్లది. ఎదుటివాడు రావణుడి మంత్రిని దింపాడు, మీ చేతిలో ఆ రంగు లేదు, గత్యంతరం లేక రాముడి రాజును పారేశారు. పట్టు ఎవరిది? రావణుడి మంత్రిది. మీ రాముడు చెత్తముక్కల్లో కలిసిపోయాడు. ఇందులో అధర్మం ఏమీ లేదు, ఎవరూ నొచ్చుకోరు కూడా, ఎందుకంటే రాముడు ఉన్నది బొమ్మలో మాత్రమే. నియమానికి ఆయనెవరో తెలియదు. మరి ఈ ఆట రామాయణం చెబుతోందనాలా, అనకూడదా?

గేమ్ స్టడీస్ అనే శాఖ పుట్టేటప్పుడు జరిగిన పెద్ద తగవు సరిగ్గా ఇదే. 1997లో జానెట్ మర్రే అనే పరిశోధకురాలు ఒక పుస్తకంలో, పైనుంచి పడే ముక్కలను సర్దే టెట్రిస్ ఆటను 1990ల అమెరికన్ల తీరిక లేని బతుకులకు అద్దంగా చదివారు: పనులు పైనుంచి పడుతూనే ఉంటాయి, సర్దేలోపే ఇంకొకటి వస్తుంది. టెట్రిస్‌ను చేసింది 1980ల మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్. అమెరికన్ల ఆఫీసు బల్లలకూ దానికీ సంబంధం లేదు. అదే 1997లో ఎస్పెన్ ఆర్సెత్ ఇంకో దారి చూపాడు: పాఠకుడు పని చేస్తేనే ముందుకు కదిలే రచనలను వేరే జాతిగా చదవాలన్నాడు. 2001లో ఆయన సంపాదకత్వంలో గేమ్ స్టడీస్ అన్న పత్రిక మొదలైంది. మొదటి సంచికలోనే మార్కు ఎస్కెలినెన్ ఎగతాళిగా, ఎవరైనా మన మీదికి బంతి విసిరితే అది కథ చెబుతుందని ఎదురుచూస్తామా అన్నాడు. గొంజాలో ఫ్రాస్కా 2003 నాటికి, ఆటను కథగా చదివేవాళ్లు, నియమాలుగా చదివేవాళ్లు అన్న ఈ రెండు వర్గాల గొడవలో సగం అపార్థమేనని రాశాడు. 2005లో యెస్పర్ యూల్ సర్దుబాటు చేశాడు: ఆటలో నియమాలు నిజం, లోకం కల్పన, రెండూ ఒకదాన్నొకటి ఒరుసుకునే చోటే చూడాలని. పాతికేళ్ల కిందటి తగవు కాబట్టి దీనికి రెండు గంటలు చాలు. ఐదు యూనిట్లలో రెండు దీనికే ఇచ్చేసిన సిలబస్‌లు ఉంటాయి. ఆ పొరపాటు చేయొద్దు. గంజాపా ముక్కలు బల్ల మీద పెడితే పది నిమిషాల్లో విద్యార్థే తగవులో ఒక పక్షం తీసుకుంటాడు.

అన్నట్టు, ఈ చదువు నిన్న మొన్నటిది కూడా కాదు. మేరీ ఆన్ బకుల్స్ అనే ఆవిడ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్‌డియాగోలో 1985లోనే ఒక కంప్యూటర్ ఆట మీద పిహెచ్‌డి చేశారు. ఇక మన వైపు, అప్పటికి లిపి లేని సవర భాషకు నిఘంటువు, వ్యాకరణం రాసిన గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో బడిపంతులుగా పనిచేసినవారే. జనం నోట్లో ఉన్నదాన్ని చదువుగా మార్చడం ఇక్కడి అధ్యాపకులకు ఎవరో నేర్పక్కర్లేదు.

గంజాపా తరవాత వైకుంఠపాళి. ఇక్కడ లెక్క తిరగబడుతుంది. ఆటగాడు చేసే నిర్ణయం ఒక్కటీ లేదు, అంతా గవ్వలదే. మంచి గుణం గడిలో నిచ్చెన, చెడ్డ గుణం గడిలో పాము. వైకుంఠం గుమ్మం దాకా వెళ్లినవాణ్ని పెద్ద పాము మింగితే మళ్లీ అడుగుకే. పటం మీది బొమ్మలన్నీ చెరిపేసి గడుల పేర్లు మాత్రం ఉంచండి, కర్మ సిద్ధాంతం చెక్కుచెదరదు, ఎందుకంటే అది నియమంలోనే ఉంది. ఇయన్ బోగోస్ట్ 2007లో 'ప్రొసీజరల్ రెటొరిక్' అని పేరు పెట్టినది ఇదే: మాటతోనో బొమ్మతోనో కాక, నియమం నడిచే తీరుతో వాదించడం. అభ్యాసంగా విద్యార్థులను బజారుకు పంపండి. అచ్చు వైకుంఠపాళి ఒకటి, లూడో అట్ట వెనక ఉండే పాములు–నిచ్చెనలు ఒకటి కొనుక్కు రమ్మనండి. రెండిట్లో పాములెన్ని, నిచ్చెనలెన్ని, అతి పొడుగు పాము ఎన్ని గడులు దించుతుంది, గడులకు పేర్లున్నాయా లేదా లెక్కపెట్టించండి. ఒకే ఆట ఇంగ్లండ్ వెళ్లి తిరిగొచ్చేసరికి ఏం పోగొట్టుకుందో ఆ నాలుగు అంకెలు చెబుతాయి. లూడో సంగతీ అంతే. మన పచ్చీసు కొంచెం మారి 1896లో ఇంగ్లండ్‌లో పేటెంట్ అయి మనకే తిరిగొచ్చింది.

మూడోది పులిజూదం. 3 పులులు, 15 మేకలు, 23 చుక్కలు. ఇద్దరు ఆడుతున్నారు గాని ఇద్దరివీ వేరే ఆటలు: పులికి దూకి చంపడం, మేకలకు చుట్టుముట్టి కట్టేయడం. ఒకరు హంతకుడు, నలుగురు తప్పించుకునేవాళ్లు అన్న లెక్కతో 2016లో వచ్చిన డెడ్ బై డేలైట్ ఆడినవాళ్లకు ఈ అమరిక వెంటనే అర్థమవుతుంది. తరగతిలో మేకలను 15 నుంచి 12కు తగ్గించి పది ఆటలు ఆడించండి. 15 మేకలూ దిగాక పటం మీద ఖాళీ చుక్కలు ఐదే. 12 అయితే ఎనిమిది. పులి దూకాలంటే మేక వెనక అదే గీత మీద ఒక ఖాళీ చుక్క ఉండాలి. ఆ ఖాళీలు పెరిగాయి కాబట్టి జతజతలుగా నిలిచే మేకల ఎత్తు చెడుతుంది, మేకలవాడు దూరం దూరంగా సర్దాల్సి వస్తుంది, మొదటి దెబ్బ తొందరగా తగులుతుంది. ఒక్క అంకె మారితే ఆట స్వభావం ఎలా మారిందో పుస్తకంలో చదివితే ఎక్కదు, పదోసారి ఓడినవాడికి ఎక్కుతుంది.

ఈ మూడూ అయ్యాకే తెర ముట్టుకోవాలి. మొదటి వీడియోగేమ్‌గా మేం సూచించేది 1989 నాటి ప్రిన్స్ ఆఫ్ పర్షియా. సినిమాకూ ఆటకూ ఉన్న సంబంధం ఇంత విప్పి చూపించే ఆట ఇంకోటి దొరకడం కష్టం. ఆ ఆట చేసిన జోర్డాన్ మెక్నర్ తన తమ్ముడు డేవిడ్ పరుగెత్తుతుంటే, దూకుతుంటే వీడియో తీశాడు. ఆ వీడియోను ఫ్రేము ఫ్రేముగా ఫొటోలు తీసి, మనిషి ఆకారం విడిగా తేలేలా చేత్తో దిద్ది, కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. కత్తియుద్ధానికి నమూనా 1938 నాటి రాబిన్‌హుడ్ సినిమాలో ఎరాల్ ఫ్లిన్ చేసిన పోరు. అందుకే ఆపిల్ టూ లాంటి చిన్న యంత్రంలో కూడా ఆ పాత్ర మనిషిలా కదులుతుంది.

ఆ అందానికి ఖరీదు ఉంది. మనిషి దూకే ముందు మోకాలు వంచుతాడు, చేతులు వెనక్కి తీస్తాడు. ఆ ఫ్రేములన్నీ అయ్యేదాకా ఆటగాడి మీట నొక్కుడికి ఫలితం తెర మీద కనబడదు. అంచు దాకా వచ్చాక నొక్కితే గోతిలో పడతారు, ఒక అడుగు ముందే నొక్కాలి. సినిమా నుంచి తెచ్చుకున్న సహజత్వం ఆటలో ఆలస్యంగా మారింది. దీన్ని విద్యార్థులు కొలవగలరు. ఫోన్‌ను స్లోమోషన్‌లో, సెకనుకు 240 ఫ్రేముల దగ్గర పెట్టి, కీబోర్డూ తెరా రెండూ ఒకే చట్రంలో పడేలా తీయాలి. ఒక్కో ఫ్రేము 4 మిల్లీసెకన్ల పైచిలుకు. వేలు మీటను తాకిన ఫ్రేము నుంచి పాదం నేల వదిలిన ఫ్రేము దాకా లెక్కపెట్టాలి, ఇరవైసార్లు చేసి సరాసరి తీయాలి. ఉచితంగా దొరికే సూపర్‌టక్స్ అనే ఆటలోనూ అదే దూకుడును కొలిచి పక్కన పెట్టాలి. ఇక్కడ తరచూ జరిగే తప్పు: గదిలో ట్యూబులైటు మినుకుమినుకుమంటుంది, 240 ఫ్రేముల్లో తెర నల్లబడి లెక్క తప్పుతుంది. పగటివెలుగులో కిటికీ పక్కన తీయించండి.

అదే ఆటలో నీడమనిషి ఉన్నాడు. కొత్త శత్రువును గీయడానికి మెమరీ చాలక, ఉన్న బొమ్మ బిట్లనే ఒక బిట్టు పక్కకు జరిపి, మళ్లీ ఆ బొమ్మతోనే కలిపి మెక్నర్ ఒక మెరిసే నీడను పుట్టించాడు. కథలో అద్దంలోంచి దూకి బయటికొస్తాడు. ఆట చివర్లో వాడు కత్తి దూసి ఎదురొస్తే, అప్పటిదాకా ఆట నేర్పిన బుద్ధితో మనమూ దూస్తాం. వాణ్ని కొట్టిన ప్రతిదెబ్బకీ మన ప్రాణమే తగ్గుతుంది. చంపితే మనమే చస్తాం. కత్తి ఒరలో పెట్టి ఎదురుగా నడిస్తే ఇద్దరూ ఒకటవుతారు. ఈ సంగతి మీకు ఇక్కడ మాటల్లో చెప్పేశాం. చదివి తలూపడం వేరు, దూసిన కత్తిని దించడానికి చెయ్యి రాకపోవడం వేరు. పరీక్షలో అడగాల్సింది ఆ రెండోదాని గురించి. గంజాపాలో అర్థం బొమ్మలో ఉండిపోయింది, వైకుంఠపాళిలో నియమంలో ఉండిపోయింది. ఇక్కడ బొమ్మ, నియమం, మెమరీ కరువు మూడూ కలిసి ఒక్క ఘట్టం చేశాయి. ఈ ఆట సోర్స్ కోడ్‌ను మెక్నర్ 2012లో అందరూ చూసేలా నెట్‌లో పెట్టాడు. కంప్యూటర్ సైన్స్ విభాగాన్ని ఈ పేపర్‌లోకి పిలవడానికి అంతకంటే మంచి సాకు లేదు.

సినిమా పేరుతో వచ్చి చెడిపోయిన ఆట కూడా ఒకటి చూపించాలి. 1982లో ఈటీ సినిమా మీద అటారీ కంపెనీకి ఆట చేయడానికి హోవార్డ్ స్కాట్ వార్షాకు దొరికింది ఐదు వారాలు, ఎందుకంటే క్రిస్మస్ అమ్మకాల తేదీ వెనక్కి జరగదు. ఆడినవాళ్లందరి గోడూ ఒకటే: ఊరికే గోతుల్లో పడిపోవడం. కారణం బొమ్మ వేసిన తీరులో ఉంది. పాత్రను పక్కనుంచి చూస్తున్నట్టు గీశారు, గోతులను పైనుంచి చూస్తున్నట్టు. పాత్ర పాదాలు గోతికి ఎంతో దూరంలో ఉన్నా తల కొస గోతి అంచును తాకితే యంత్రం పడేస్తుంది. కంటికి ఒక నియమం, యంత్రానికి ఒకటి. అమ్ముడుపోని సరుకు 1983లో అమెరికాలోని అలమొగోర్డో ఊరి చెత్తకుప్పలో పూడ్చారు, 2014లో తవ్వి తీశారు. పూడ్చిన కథ మీద విద్యార్థులకు మోజెక్కువ. వాళ్లను లాక్కొచ్చి ఆ తల కొస దగ్గర కూర్చోబెట్టాలి. తెలుగులో 2017లో బాహుబలి పేరు మీద మూన్‌ఫ్రాగ్ ల్యాబ్స్ ఫోన్ ఆట వచ్చింది. అన్నదమ్ముల సింహాసనం కథ అక్కడ కోట కట్టుకుని సైన్యం పెంచుకునే ఆటగా మారింది. కథలో ఏ భాగం నియమంగా మారడానికి వీలైంది, ఏది గోడ మీది బొమ్మగానే మిగిలింది అన్న ప్రశ్న ఏ సినిమా ఆటకైనా పనికొస్తుంది.

బొమ్మలాటకు వద్దాం. పుణేలో తయారై 2020లో వచ్చిన రాజీ అనే ఆటలో కథ చెప్పే దృశ్యాలు తోలుబొమ్మలాట పద్ధతిలో నడుస్తాయి. ఒక మాధ్యమం ఇంకో మాధ్యమాన్ని తన ఒంట్లోకి తెచ్చుకోవడాన్ని బోల్టర్, గ్రూసిన్ 1999లో రీమీడియేషన్ అన్నారు. ఈ మాటకు ఉదాహరణలు మన విద్యార్థులకు రెండువైపులా ఉన్నాయి. తెలుగు తోలుబొమ్మ పలుచగా గీకిన తోలు మీద రంగులద్ది, కీళ్ల దగ్గర ముక్కలుగా కట్టినది. తెర మీద రంగు వెలుగుతుంది. ఒడిశా నీడబొమ్మలాట రావణఛాయలో బొమ్మకు కీళ్లు లేవు, రంగు లేదు. లేడితోలు ఒకే ముక్క, తెర మీద నల్లని నీడ. కీళ్లు లేని బొమ్మతో నటింపజేయాలంటే దీపానికి దగ్గర చేసి, దూరం చేసి, నీడను పెంచి తగ్గించాలి. తక్కువ ఫ్రేములున్న పాతకాలపు ఆటబొమ్మ పడే పాట్లు ఇవే. పైగా తోలుబొమ్మలాటలో బొమ్మను ఆడించే చెయ్యీ, మాట్లాడే నోరూ తెర వెనక ఒకచోటే ఉంటాయి. వీడియోగేమ్‌లో చెయ్యి మనది, నోరు మనది కాదు. కథా దృశ్యం రాగానే చెయ్యి కూడా లాగేసుకుంటారు. పిల్లలు అప్పుడే పక్కవాడితో కబుర్లు మొదలుపెడతారు. అది కూడా నోట్సులో రాయించండి.

బ్యాటిల్ రాయల్ ఆటల గురించి క్లుప్తంగా. ఆ పేరు 2000 నాటి జపాన్ సినిమాది, దాన్ని చూసే బ్రెండన్ గ్రీన్ ఆ తరహా ఆటకు రూపం ఇచ్చాడు. వంద మంది దిగుతారు, ఆడే చోటును చుట్టిన వలయం కుంచించుకుపోతుంది. ఆ వలయం లేకపోతే దాక్కున్నవాడు తెల్లారేదాకా దాక్కునే ఉంటాడు. సినిమాలో ఎడిటర్ కత్తెర చేసే పని ఇక్కడ వలయం చేస్తోంది. ఇంతవరకు తరగతిలో చర్చించండి గాని సిలబస్‌లో ప్రధాన ఆటగా వీటిని పెట్టకండి. పబ్జీ మొబైల్‌ను 2020 సెప్టెంబరులో నిషేధించారు. దాని బదులు 2021లో వచ్చిన బీజీఎంఐని (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా) 2022 జూలైలో ఆపేశారు, 2023 మేలో మళ్లీ వదిలారు. సర్వర్ మీద బతికే ఆట సెమిస్టర్ మధ్యలో మాయమైతే పరీక్షకు ప్రశ్న ఉండదు. నెట్ లేకుండా నడిచేవే ఎంచుకోండి. అలా ఎంచుకున్నా పాత ఆటలు దొరకడమే కష్టం: అమెరికాలో 2010కి ముందు వచ్చిన ఆటల్లో 87 శాతం ఇప్పుడు మార్కెట్లో దొరకవని అక్కడి వీడియోగేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో తేల్చింది.

ఇక నడిపే పద్ధతి. యూజీసీ 2022 డిసెంబరు చట్రం ప్రకారం ఒక క్రెడిట్‌కు 15 గంటల పాఠం లేదా 30 గంటల ప్రాక్టికల్. రెండు క్రెడిట్లు పాఠానికి, ఒకటి ప్రాక్టికల్‌కు పెడితే 30, 30 మొత్తం 60 గంటలు. ప్రాక్టికల్ అంటే రెండేసి గంటల ల్యాబ్‌లు పదిహేను. 30 మంది విద్యార్థులకు 8 జీబీ ర్యామ్ ఉన్న కంప్యూటర్లు ఆరు చాలు. ఒక్కో దాని దగ్గర ఐదుగురు: ఒకరు ఆడతారు, ఒకరు గడియారం చూస్తారు, ఒకరు తెర మీద జరిగింది రాస్తారు, ఒకరు వేళ్లు చూసి ఏ మీట నొక్కారో రాస్తారు, ఐదోవారు ఆడుతున్నవాళ్ల నోటి మాటలు రాస్తారు. ఇరవై నిమిషాలకోసారి స్థానాలు మారితే వంద నిమిషాల్లో అందరూ ఆడినట్టవుతుంది. ఇంట్లో ఆడి రమ్మనకండి. ఆడపిల్లల చేతికి ఇంట్లో ఫోన్ ఎంతసేపు వస్తుందో మీకు తెలియనిది కాదు.

ఆ ఐదోవారి పని చిన్నదనుకోవద్దు. సినిమా చూసి వచ్చినవాడు 'హీరో చచ్చిపోయాడు' అంటాడు. ఆట ఆడుతున్నవాడు 'చచ్చిపోయాన్రా' అంటాడు. అదే మనిషి నీడమనిషి దగ్గర 'వీడు మాట వినట్లేదు' అని తన పాత్రనే తిడతాడు. 'నేను' ఎప్పుడు 'వీడు'గా మారుతున్నాడో, మళ్లీ ఎప్పుడు 'నేను' అవుతున్నాడో గుర్తించగలిగితే గుర్తింపు, దృక్కోణం లాంటి పెద్దమాటలన్నీ దానికదే వస్తాయి. అందుకే ఈ నోట్సు తెలుగులోనో ఒడియాలోనో, ఏ భాషలో అరిచారో ఆ భాషలోనే రాయనివ్వాలి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, పుస్తకంలో ఇంగ్లీషు ఉన్న పిల్లల చేత ఇంగ్లీషులోనే రాయిస్తే 'ప్లేయర్ డైడ్' అని ఒక్కటే మిగులుతుంది.

విద్యార్థులు ఈ నోట్సు రాసే ఆట పుస్తకంలో ఒక్కో వరుస ఇలా ఉండాలి: '04:12. కుడి మీట వదలకుండా పట్టుకున్నారు. పాత్ర పరుగు ఆపకుండా అంచు దాటింది. గోతిలో పడింది. ఊహించిన నియమం: పరుగులో ఉంటే ఆగడానికి రెండడుగులు పడుతుంది. 04:31. అదే చోట నడకలో వచ్చారు. ఆగింది. నియమం సరే.' పది నిమిషాల ఆటను ఇలా రాయడానికి గంటన్నర కేటాయించండి. పైన తేదీ, ఆట వెర్షన్ నంబరు, యంత్రం పేరు ఉండాలి. ఫోన్ ఆటలకైతే ఆటో అప్‌డేట్ ముందే ఆపేయాలి, లేకపోతే జనవరిలో రాసిన నియమం ఫిబ్రవరిలో ఉండదు, ఇద్దరు విద్యార్థులు ఇద్దరూ నిజమే రాసి కొట్టుకుంటారు.

రికార్డింగ్‌కు ఓబీఎస్ స్టూడియో ఉచితం. 720 రిజల్యూషన్, సెకనుకు 30 ఫ్రేములు, 2,500 కేబీపీఎస్ దగ్గర పెడితే గంటకు దాదాపు 1.1 జీబీ. 30 మంది తలా రెండు గంటలు అంటే 67 జీబీ, పాత 500 జీబీ డిస్కు చాలు. ఫోన్ తెరను కంప్యూటర్‌లో చూపడానికి యూఎస్‌బీ తీగ, ఎస్‌సీఆర్‌సీపీవై అనే ఉచిత సాధనం సరిపోతాయి. ఒక్కటి మరవొద్దు: మామూలు ఎంపీ4గా రికార్డు చేయకండి. ఆ ఫైలు సూచిక చివర్లో రాయబడుతుంది. మధ్యలో కరెంటు పోతే, మన దగ్గర పోతుంది కూడా, గంట రికార్డింగ్ మొత్తం తెరుచుకోదు. ఎంకేవీగా తీసి, అయిపోయాక ఓబీఎస్‌లోనే రీమక్స్ చేస్తే, అంటే ఎంపీ4గా మార్చుకుంటే, కరెంటు పోయిన క్షణం దాకా ఉన్నది దక్కుతుంది.

మార్కుల దగ్గర రెండు ప్రమాదాలు. బాగా ఆడినవాడికి ఎక్కువ మార్కులు వేయడం మొదటిది. తొందరగా గెలిచినవాడు నియమాలను గమనించేంతసేపు ఓడడు. రెండోది యూట్యూబ్‌లో ఎవరో ఆడినది చూసి రాసుకు రావడం. పట్టుకోవడం తేలికే: అలాంటి నోట్సులో ఓటములు ఉండవు, లేదా ఉన్నవన్నీ ఒకేలా ఉంటాయి. కోయని రికార్డింగ్ అడగండి. కథ సారాంశం రాస్తే సున్నా వేయండి, మొదటి వారమే ఆ సంగతి చెప్పండి.

చివరి ఐదు ల్యాబ్‌లలో విద్యార్థులు చిన్న ఆట చేయాలి. మాటలతో నడిచే ఆటకు ట్వైన్ అనే సాధనం చాలు. అది హెచ్‌టీఎంఎల్ ఫైలుగా వస్తుంది, అక్షరాలు పేర్చే పని బ్రౌజర్ చూసుకుంటుంది కాబట్టి తెలుగు, ఒడియా రెండూ నిలుస్తాయి. బొమ్మలతో చేయాలనుకుంటే గొడవ మొదలవుతుంది. ఆటలు చేసే యూనిటీ అనే సాధనంలో అక్షరాలు చూపే టెక్స్ట్‌మెష్‌ప్రో భారతీయ లిపుల వత్తులను పేర్చదు: స్త్రీ అని టైపు చేస్తే స్‌, త్‌, రీ విడివిడిగా నిలబడతాయి. ఫాంటు మార్చినా లాభం లేదు, తప్పు ఫాంటుది కాదు. అలాంటిదే ఇంకో సాధనం గోడోలోనూ 3వ వెర్షన్ దాకా ఇదే బాధ. 2023 మార్చిలో వచ్చిన గోడో 4లో ఆ పేర్పు కుదిరింది. ఏ సాధనం తీసుకున్నా మొదటి గంటలోనే స్త్రీ, లక్ష్మి, రాష్ట్రం, జ్యోత్స్న టైపు చేసి చూడమనండి. నాలుగూ సరిగ్గా పడితేనే ముందుకు వెళ్లాలి. ఆట అంతా అయ్యాక చూసుకుంటే రాసినదంతా బొమ్మలుగా మార్చి అతికించుకోవాల్సి వస్తుంది.

తల్లిదండ్రుల నుంచి ఫోన్లు వస్తాయి, మాకు తెలుసు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా ఐసీడీ–11లో గేమింగ్ డిజార్డర్ ఉంది, 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. అదుపు తప్పిన తీరు మామూలుగా 12 నెలల పాటు కనబడితే, చదువూ ఇల్లూ దెబ్బతింటే ఆ పేరు పెడతారు. ల్యాబ్‌లో ఇరవై నిమిషాలు ఆడి గంటన్నర రాసే పని ఆ కోవలోకి రాదు. డబ్బు పెట్టి ఆడే ఆటలు ల్యాబ్ గుమ్మం తొక్కకూడదు. 2025 ఆగస్టులో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ఈ–స్పోర్ట్స్‌ను, సరదా ఆటలను ఒకవైపు పెట్టి డబ్బు ఆటలను నిషేధించింది. ఆ చట్టం చేసిన విభజననే ఒక తరగతి చర్చగా పెట్టండి, వైకుంఠపాళి పక్కన పెట్టి: గెలుపు చేతిదా, గవ్వదా?

పేపర్ ఏ విభాగం కింద ఉండాలన్న మీమాంస వస్తే భాషా విభాగం కింద పెట్టండి. తెలుగో ఒడియానో ఇంగ్లీషో, ఏదైనా సరే. జర్నలిజం వాళ్లు పాఠంలో సగం, కంప్యూటర్ వాళ్లు చివరి ఐదు ల్యాబ్‌లు పంచుకుంటారు. అటానమస్ కాలేజీలకు ఇది సొంత బోర్డులోనే తేలుతుంది. మిగతావాళ్లు ముందు 30 గంటల సర్టిఫికెట్ కోర్సుగా నడిపి, విద్యార్థుల ఆట పుస్తకాలు చేతిలో పెట్టుకుని విశ్వవిద్యాలయం దగ్గరికి వెళ్లవచ్చు. కంప్యూటర్ల బిల్లు మంజూరయ్యేదాకా ఆగనక్కర్లేదు. మొదటి మూడు ల్యాబ్‌లకు కావలసినవి ఒక జత గంజాపా, బజారులో కొన్న రెండు అట్టలు, నేల మీద గీయడానికి సుద్దముక్క, మూడు గులకరాళ్లు, పదిహేను చింతగింజలు, గది తాళంచెవి.

ఇట్లు,
పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం ప్రాంతాల్లో వీడియోగేమ్‌లు చదివే, చేసే, నేర్పే తెలుగువాళ్లం